ఇంట గూడు కట్టే ఒంటరి కందిరీగలు

తొలకరి జల్లులు పడి నేల నానిన తరువాత ఇండ్లలోకి కందిరీగల రాకపోకలు హెచ్చవుతవి. ఒకటి కిటికీలో నుంచి వచ్చి దూలం మూలకు పోతుంది. అక్కడ కాసేపు సన్నగా గీపెట్టి, తిరిగి కిటికీలో నుంచే వెళ్ళిపోతుంది. నాలుగు నిముషాలలో నోట మట్టి ఉండతో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. దీనిని చూచి ఇంటిలో ఒకరు చీపురు వెతుకుతారు. ఒకరు పిల్లలను అవతలికి పంపుతారు. ఇంకొకరు దాని దారిన దానిని పోనివ్వమంటారు. ఎవరి మాట సబబో తేలాలంటే వచ్చినది ఏ కందిరీగో ముందుగా తెలియాలి. చిక్కంతా అక్కడనే ఉన్నది. గుంపుగా మీదపడి మనిషి ప్రాణం మీదికి తెచ్చేవీ, దగ్గరగా నిలబడి చూచినా పట్టించుకొనక తమ పని తాము చేసుకొనిపోయేవీ కూడ వాడుకలో కందిరీగ అన్న ఒక్క పేరుతోనే చెల్లుతున్నవి.

కందిరీగలలో అన్నిటికంటె ముఖ్యమైన భేదం రంగులో లేదు, పరిమాణంలోనూ లేదు, కాపురంలో ఉన్నది. కొన్ని గుంపుగా తుట్టె కట్టుకొని బ్రతుకుతవి. ఎండిన కొయ్యను దవడలతో గీకి, నమిలి, లాలాజలంతో కలిపి, కాగితం వంటి పదార్థాన్ని తయారుచేసి దానితో గదులు అమర్చుకొంటవి. అక్కడ గుడ్లు పెట్టే పని ప్రధానంగా ఒక ఆడదానిది. తక్కినవి పిల్లల పోషణలోను, తుట్టె కాపలాలోను ఆయువు గడుపుతవి. రెండవ రకంలో రాణి లేదు, పరివారం లేదు. ప్రతి ఆడ కందిరీగా తన గూడు తానే సిద్ధం చేసుకొని, తానే వేటాడి, గుడ్డు పెట్టి, మూత వేసి వెళ్ళిపోతుంది. తన పిల్లలను కన్నులారా చూచే యోగం వీటిలో చాలావాటికి ఉండదు. ఇంటి గోడలకు, దూలాలకు మట్టి మెత్తేవన్నీ ఈ రెండవ రకానివే. వీటిని ఒంటరి కందిరీగలు అనవచ్చు.

కొండి రెండు రకాలకూ ఉన్నది. కాని దానిని వాడే పద్ధతి వేరు. పూర్వం గుడ్డు పెట్టే అవయవంగా ఉన్నదే కాలక్రమాన కొండిగా మారినది. కనుకనే మగవాటికి కొండి లేదు, అవి కుట్టలేవు. తుట్టె కందిరీగకు కొండి కోట కాపలాదారు చేతిలోని ఈటె వంటిది. తుట్టెలో వందలాది పిల్లపురుగులు, తోబుట్టువులు ఉంటవి. వాటిని కాపాడడంలో ఒక పనికత్తె చచ్చినా వంశం నిలుస్తుంది. ఒంటరి కందిరీగ చస్తే గూడు కట్టే దిక్కు మరి లేదు. అందువలన మనిషి చేయి విసిరితే అది పోరుకు నిలువదు, పారిపోతుంది. దాని కొండి వేట కోసం ఏర్పడినది. గుప్పిట పట్టినప్పుడో, బట్టలలో చిక్కి నలిగినప్పుడో తప్ప అది మనిషిని కుట్టడం అరుదు.

ఒంటరి కందిరీగను గుర్తించడానికి గూడును మించిన ఆనవాలు లేదు. కాగితం వంటి బూడిదరంగు తుట్టె, దాని మీద ఒకటికంటె ఎక్కువ కందిరీగలు కనబడితే అది గుంపు కాపురం. మట్టి గూడు, వచ్చిపోయే కందిరీగ ఒక్కటే అయితే అది ఒంటరిది. రంగును నమ్ముకొన్నవారు తరచు మోసపోతారు. నలుపు, పసుపు కలిసిన వేషం రెండు రకాలలోనూ ఉన్నది. రంగుకంటె రెక్క మెరుగైన సాక్షి. తుట్టె కందిరీగలు వాలినప్పుడు ముందురెక్కలను నిలువున మడుచుకొంటవి. అందువలన రెక్క సన్నని పట్టీవలె కనబడుతుంది. మట్టితో గొట్టాలు కట్టే కందిరీగ రెక్కను మడవదు. వీపు మీద చదునుగా పెట్టుకొంటుంది. అయితే మట్టితోనే కుండలు కట్టే మరొక ఒంటరి కందిరీగ తుట్టె కందిరీగలకు దగ్గరి చుట్టం. అదీ రెక్కలు మడుస్తుంది. కాబట్టి ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పరాదు. గూడు, రెక్క, నడుము, నోట పట్టుకొని వచ్చే వేట – ఈ నాలుగూ కలిపి చూడాలి.

గొట్టాలు కట్టేది

తెలుగు ఇండ్లలో తరచుగా కనబడేది గొట్టాలు కట్టే మట్టి కందిరీగ. పొడవు ముప్పావు అంగుళం పైచిలుకు. నల్లని దేహం మీద పసుపు గుర్తులు, నలుపు పసుపు కలిసిన పొడవైన కాళ్ళు. ఉరానికీ ఉదరానికీ నడుమ దారపు పోగు వంటి సన్నని నడుము. ఎగిరేటప్పుడు ఉదరం విడిగా వెనుక వ్రేలాడుతున్నదా అనిపిస్తుంది. దీని శాస్త్రనామం స్కెలిఫ్రాన్ మద్రాస్పటానమ్. లిన్నేయస్ శిష్యుడైన డెన్మార్క్ కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ 1781లో దీనిని వర్ణించి, మద్రాసు పట్టణం పేరు పెట్టాడు. దీని దగ్గరి జాతికి 1845లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెపెలెటియే కోరమాండల్ తీరం పేరు మీద కొరమాండెలికమ్ అని నామకరణం చేశాడు. ఈ విధంగా తూర్పు తీరపు ఇండ్ల గోడల మీది పురుగులు రెండు, ఆ తీరం పేరుతోనే లోకమంతటి శాస్త్రగ్రంథాలలో నిలిచినవి.

బావి గట్టు దగ్గరనో, అంట్లు తోమే చోటనో, కుళాయి క్రిందనో తడిసిన మట్టిని దవడలతో గీకి ఇది ఉండ చేస్తుంది. ఆ ఉండను తెచ్చి గోడకు అదిమేటప్పుడు దేహమంతా కంపిస్తుంది. గదిలో వినబడే గీ శబ్దం అదే. ఆ కంపనానికి మట్టి మెత్తబడి, జారి, క్రింది వరుసతో అతుక్కొంటుంది. తాపీ పనివాడు గమేళాలో సిమెంటును తట్టి సర్దడంలో కూడ ఇటువంటి ఉపాయమే ఉన్నది. ఇట్లా ఎన్నో ఉండలు తెచ్చి, వ్రేలి కణుపంత పొడవున్న గొట్టం ఒకటి కడుతుంది. తరువాత సాలీళ్ళ వేట. దొరికిన సాలీడును కుట్టి, నిశ్చేష్టం చేసి తెచ్చి గొట్టంలో కూరుతుంది. సాలీళ్ళ పరిమాణాన్ని బట్టి ఒక్కొక్క గొట్టంలో పది పదిహేను కూడ పట్టవచ్చు. వాటిలో ఒకదాని మీద గుడ్డు పెట్టి, గొట్టానికి మూత వేసి, దాని ప్రక్కనే మరొకటి మొదలుపెడుతుంది. నాలుగైదు గొట్టాలు పూర్తి అయిన తరువాత అన్నిటి మీద మట్టి పూసి పైకి ఒక ముద్దగా చేస్తుంది. తెలియనివారికి అది గోడకు ఎవరో విసరిన బురదముద్ద వలె కనబడుతుంది.

కుండలు కట్టేది

రెండవది కుండ కందిరీగ. ఇది మొదటిదానికంటె బలిష్ఠమైనది; అంగుళం పొడవుంటుంది. ఎరుపు, నలుపు, పసుపు రంగులు జాతిని బట్టి హెచ్చుతగ్గులుగా ఉంటవి. నడుము ఉరం దగ్గర సన్నగా మొదలై, వెనుకకు పోనుపోను గంటవలె వెడల్పవుతుంది. ఈ ప్రజాతి పేరు డెల్టా. ఇది కట్టే గది చిన్న మట్టి కుండే. మెడ ఉంటుంది, మెడకు అంచు ఉంటుంది. కుమ్మరి చక్రం మీద తీర్చినట్లున్న ఆ అంచు, లోపల వేట నింపడం పూర్తి కాగానే మూతలో కలిసిపోతుంది. కనుక కుండ సొగసు చూడదలచినవారు గూడు కట్టే సమయంలోనే చూడాలి. మూతపడి పైపూత పడిన తరువాత అదీ బురదముద్దే.

దీని వేట సాలీళ్ళు కావు, పచ్చపురుగులు. అనగా సీతాకోకచిలుకలు, చిమ్మటల పిల్లపురుగులు. ఒక చిత్రమేమంటే, గొట్టాల కందిరీగ వేట తెచ్చి దాని మీద గుడ్డు పెడితే, కుండ కందిరీగ ఖాళీ కుండలోనే ముందు గుడ్డు పెట్టి తరువాత వేటకు పోతుంది. ఆ గుడ్డును కప్పు నుంచి సన్నని పోగుతో ఉట్టి కట్టినట్లు వ్రేలాడదీస్తుంది. క్రింద పడి ఉన్న పచ్చపురుగులు పూర్తిగా కదలిక మానవు. వాటి నడుమ గుడ్డు నలిగిపోకుండా ఈ ఏర్పాటు. ఫ్రాన్సు దేశపు కీటక పరిశీలకుడు ఫాబ్ర్ (1823–1915) ఈ ఉట్టిని గమనించి, వర్ణించి లోకానికి తెలియజేశాడు.

పాత గూడును పగులగొట్టి చూస్తే కట్టినది ఏదో ఇట్టే తెలుస్తుంది. సాలీళ్ళ కాళ్ళ ముక్కలు రాలితే గొట్టాల కందిరీగది. పచ్చపురుగుల ఎండిన తోళ్ళు, తలకాయలు కనబడితే కుండ కందిరీగది.

భ్రమరకీటన్యాయం

పచ్చపురుగు లోపలికి పోయిన గూటి నుంచి మూడు నాలుగు వారాలకు కందిరీగ వెలువడడం ఈ దేశంలో పూర్వులు చక్కగా గమనించారు. భ్రమరకీటన్యాయం అక్కడ పుట్టినదే. భ్రమరం కీటకాన్ని తెచ్చి గూటిలో బంధించి, దాని చుట్టూ ఝంకారం చేస్తుందనీ, కీటకం భయంచేతనో ధ్యానంచేతనో భ్రమరాన్నే తలచి తలచి చివరకు తానూ భ్రమరమవుతుందనీ దాని భావం. సంస్కృత భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు గురువులని చెప్పుకొన్న 24 మందిలో ఈ గూడు కట్టే పురుగు కూడ ఒకటి. భ్రమరమంటే సాధారణంగా తుమ్మెద అని అర్థం చెప్పుకొంటారు. కాని తుమ్మెద పువ్వుల పుప్పొడితో పిల్లలను పెంచుతుంది, పురుగులను తేదు. న్యాయంలోని భ్రమరం కందిరీగయే కావాలి.

ఉపమానంగా ఆ న్యాయానికి లోపం లేదు. దాని గురి పురుగు కాదు, మనస్సు. పరిశీలనగా చూచినా అందులో సగం నిజం ఉన్నది. పురుగును తెచ్చిన మాట నిజం, ఝంకారం నిజం, కందిరీగ వెలువడిన మాట నిజం. మూతపడిన గదిలో జరిగినది మాత్రం కంటికి అందలేదు. ఝంకారం పురుగుకు ఉపదేశం కాదు, మట్టి మెత్తడంలో వచ్చే శబ్దం. కీటకం భ్రమరం కాలేదు. భ్రమరపు బిడ్డకు ఆహారమైనది. గుడ్డు రెండు మూడు రోజులలో పొదిగి, తెల్లని కాళ్ళు లేని డింభకం బయటపడి, నిల్వ ఉన్న పురుగులను ఒకటొకటిగా తిని, గూటిలోనే ప్యూపాదశ గడిపి, రెక్కలతో మూత కొరుక్కొని వస్తుంది.

చైనాలో కూడ సరిగా ఇటువంటి నమ్మకమే ఉండేది. కందిరీగకు సంతానం లేదనీ, మింగ్‌లింగ్ అనే పచ్చపురుగును తెచ్చి పెంచుకొంటుందనీ అనుకొనేవారు. దానిని బట్టి పెంపుడు బిడ్డకు మింగ్‌లింగ్ బిడ్డ అన్న పేరు కూడ ఏర్పడినది. తావో హోంగ్‌జింగ్ (456–536) అనే వైద్య పండితుడు ఆ మాటను అంగీకరించలేదు. కందిరీగ ధాన్యపు గింజ వంటి చిన్న గుడ్డు పెడుతుందనీ, తెచ్చిన పురుగులు దాని పిల్లలకు ఆహారమనీ తన ఔషధ గ్రంథంలో వ్రాశాడు. దాదాపు 1500 ఏండ్ల క్రితం, భూతద్దం లేని కాలంలో తేలిన విషయమిది. గూడు తెరచి చూడవలెనన్న ఆలోచన రావడమే అందులో పెద్ద మెట్టు.

వేట కుళ్ళిపోక వారాల తరబడి తాజాగా ఎట్లా ఉంటుందన్న ప్రశ్న ఐరోపాలో 19వ శతాబ్దంలో చర్చకు వచ్చినది. 1841లో లియాన్ డ్యూఫూర్ అనే ఫ్రెంచి వైద్యుడు, కందిరీగ విషంలో మాంసాన్ని కుళ్ళకుండా కాపాడే గుణమేదో ఉన్నదని ఊహించాడు. 1855లో ఫాబ్ర్ ఆ ఊహను సవరించాడు. వేట చావలేదు, దాని నాడీమండలంలో కదలికలను నడిపే చోట విషం ఎక్కి పక్షవాతం వచ్చినది. బ్రతికి ఉన్నది కనుక కుళ్ళలేదు. ఊరగాయ వేసినట్లు కాక, కాళ్ళు కట్టి దొడ్డిలో ఉంచినట్లని చెప్పవచ్చు.

అద్దెకు దిగేవి, చాటుగా చొరబడేవి

మట్టి గూటి నుంచి కట్టినదే బయటకు వస్తుందనుకోరాదు. ముదురు నీలంగా లోహం వలె తళతళలాడే కందిరీగ ఒకటి గోడల వెంట తచ్చాడుతుంటుంది. ఇది కాలిబియాన్ బెంగాలెన్స్. నడుము సన్ననే, వేట సాలీళ్ళే. కాని స్వయంగా గూడు కట్టే శ్రమ దీనికి లేదు. గొట్టాల కందిరీగ వదలిపోయిన పాత గదులలోను, గోడ బెజ్జాలలోను తన వేట పెట్టి మూత వేస్తుంది. ఆకులను కత్తెరతో కత్తిరించినట్లు గుండ్రంగా కోసే ఒంటరి తేనెటీగలు కూడ ఈ పాత గదులలో చేరుతవి. గూటిలో ఆకు చుట్టలు కనబడితే అద్దెకున్నవారు ఎవరో తెలిసినట్లే.

ఆకుపచ్చ, నీలం కలిసి రత్నంలా మెరిసే స్టిల్బమ్ అనే కందిరీగ సంగతి వేరు. దీనికి పైకి కనబడే సన్ననడుము లేదు; ఒళ్ళంతా గరుకు చుక్కలతో గట్టి కవచం. యజమాని మూసిపోయిన మట్టి గూటిలోకి ఉపాయంగా తన గుడ్డు చేర్చి, ఆ గదిలోని డింభకాన్ని తన పిల్లకు ఆహారం చేస్తుంది. కోకిల కాకి గూటిలో గుడ్డు పెట్టడం అందరికీ తెలుసు. ఇది అంతకంటె ఘోరం. ఎవరైనా పట్టుకొంటే కుట్టదు, బంతి వలె ముడుచుకొంటుంది.

కుండ కందిరీగకు దగ్గరి చుట్టమైన రింఖియమ్ బ్రున్నియమ్ అనేది ఇటుకరంగు ఒంటి మీద నల్లపట్టీలతో ఉంటుంది. గూడు మొదటి నుంచి కట్టక, ఉన్న బెజ్జాన్ని వాడుకొంటుంది. పందిరి వెదురు కొస, తాళం చెవి దూరే రంధ్రం, వాడని కుళాయి గొట్టం – ఏదైనా సరే. సెలవులకు ఊరు వెళ్ళి వచ్చినవారికి తాళంలో చెవి దూరకపోతే ఇటువంటి కందిరీగను అనుమానించవచ్చు.

ఇది నవ్వులాటగా పోని సందర్భాలు కూడ ఉన్నవి. విమానం వేగాన్ని కొలవడానికి ముందు భాగంలో పీటో గొట్టం అనే సన్నని గొట్టం ఉంటుంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యుయెర్తో ప్లాతా నుంచి బయలుదేరిన బోయింగ్ 757 విమానం వేగం తప్పుగా చూపగా సముద్రంలో కూలి, 189 మంది మరణించారు. ఆ విమానం అంతకుముందు కొన్నాళ్ళు గొట్టాలకు తొడుగులు లేక నిలిచి ఉన్నది. గొట్టాలు దొరకలేదు, మట్టి కందిరీగ గూడు వలన ఒకటి పూడి ఉంటుందని పరిశోధకులు భావించారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయంలో 2013 నుంచి ఇటువంటి ఇబ్బందులు ఎదురు కాగా, అక్కడ పీటో గొట్టాల నమూనాలు అమర్చి పరీక్షించారు. అమెరికా ఖండం నుంచి అక్కడికి చేరిన ఒంటరి కందిరీగ వాటిని పూడుస్తున్నట్లు 2020లో ప్రకటించిన ఆ పరిశోధనలో తేలినది. నిలిచిన విమానాల గొట్టాలకు తొడుగు వేయడమే దీనికి మందు.

బొద్దింకను నడిపించే కందిరీగ

ఇంటి కందిరీగలలో అందానికీ, పనితనానికీ మొదటి తాంబూలం ఇవ్వవలసినది ఆంప్యులెక్స్ కంప్రెస్సా. దీనిని కూడ ఫాబ్రీషియస్ 1781లోనే వర్ణించాడు. సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు; పచ్చలు పొదిగినట్లు మెరిసే దేహం, మధ్య కాళ్ళకు, వెనుక కాళ్ళకు కుంకుమ రంగు తొడలు. రంగు చూచి స్టిల్బమ్ అని భ్రమపడవచ్చు. ఎర్రని తొడలు, సాగిన మెడ, చురుకైన పరుగు దీని గుర్తులు. ఇది మట్టి మోయదు. వంటింటి మూలలు, తూముల వెంట ఎర్ర బొద్దింకను వెతుకుతుంది.

బొద్దింక దానికంటె చాలా బరువైనది, మోసుకొనిపోవడం అసాధ్యం. కనుక కందిరీగ రెండు సార్లు, రెండు చోట్ల కుడుతుంది. మొదటి పోటు ఉరంలో. దానితో ముందుకాళ్ళు కొద్ది నిముషాలు చచ్చుబడతవి. ఆ వ్యవధిలో రెండవ పోటు మెడ మీదుగా తలలోకి. విషం సరిగా మెదడులోనే చేరుతుందా అన్నది చాలాకాలం సందేహంగా ఉండేది. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో లిబెర్సాట్, అతని సహచరులు కందిరీగ విషానికి రేడియోధార్మిక గుర్తు కలిగేటట్లు చేసి, అది బొద్దింక మెదడులోకే ఎక్కుతున్నదని 2003లో నిరూపించారు.

ఆ తరువాత జరిగేది మరీ విచిత్రం. బొద్దింక పడిపోదు, అరగంట సేపు ఒళ్ళు శుభ్రం చేసుకొంటూ కూర్చుంటుంది. కాళ్ళలో సత్తువ ఉన్నది, నిలబడగలదు. తనంతట తాను నడక మొదలుపెట్టే చొరవ మాత్రం పోయినది. కందిరీగ ఈలోగా తగిన బెజ్జం చూచుకొని వచ్చి, బొద్దింక స్పర్శశృంగాలను సగానికి కొరికి, మిగిలిన మొదలు పట్టుకొని, ముకుతాడు పట్టి ఎద్దును నడిపినట్లు నడిపించుకొనిపోతుంది. బెజ్జంలో దాని మధ్య కాలి మొదట గుడ్డు పెట్టి, చిన్న చిన్న రాళ్ళతో ద్వారం మూసివేస్తుంది. డింభకం మొదట బయట నుంచి రసం పీల్చి, తరువాత బొద్దింక లోపలికి దూరి, అక్కడనే పట్టుకాయ అల్లుకొని, ఆరు వారాల లోపల కందిరీగై వెలువడుతుంది.

2013లో జర్మనీ శాస్త్రజ్ఞులు మరొక విషయం కనుగొన్నారు. ఈ డింభకం తన నోటి నుంచి సూక్ష్మజీవులను చంపే ద్రవాన్ని స్రవింపజేసి, తాను తినే బొద్దింక లోపలి భాగాలను శుద్ధి చేసుకొంటుంది. ఆహారాన్ని కుళ్ళకుండా కాపాడే మందు ఒకటి ఉన్నదని డ్యూఫూర్ ఊహించినది తల్లి విషంలో దొరకలేదు. 172 ఏండ్లకు మరొక కందిరీగ పిల్ల నోట దొరికినది.

1941లో బొద్దింకల నిర్మూలనకు ఈ కందిరీగను హవాయి దీవులకు తెచ్చి వదిలారు. అది అక్కడ స్థిరపడినది గాని బొద్దింకలు తగ్గలేదు. ఒక్కొక్క గుడ్డుకు ఒక్కొక్క బొద్దింక చొప్పున తీరికగా వేటాడే జీవితో ఊరంతా ఊడ్పించాలనుకోవడం అత్యాశ. పైగా అన్ని బొద్దింకలూ లొంగవు. ముళ్ళ కాలితో తల మీద తన్ని తప్పించుకొనేవి ఎన్నో ఉన్నవని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన 2018లో తెలిపినది.

పెరటిలో ఇంకా పెద్దవి కనబడతవి. నల్లని ఒంటికి ఉదరం కొస మాత్రం ఎర్రగా ఉండి, గోడల మీది పెద్ద సాలీడును ఈడ్చుకొనిపోయేది సాలీడు వేటకత్తె. ఒక గుడ్డుకు దీనికి ఒకే సాలీడు చాలు. ఇసుకనేలలో బొరియ తవ్వి మిడతలను దాచేవి స్ఫెక్స్ జాతివి. పెంటకుప్ప మీద తక్కువ ఎత్తున తిరుగుతూ కనబడే నూగు నల్ల కందిరీగలు స్కోలియా కుటుంబానివి. ఎరువులోను, మట్టిలోను ఉండే పెంకుపురుగుల పిల్లలను వెతికి వాటి మీద గుడ్లు పెడతవి. ఎరువు గుంటలలో పెరిగే కొబ్బరి కొమ్ముపురుగు పిల్లలు కూడ వీటికి ఆహారమే కనుక, కోనసీమ రైతు వీటిని చూచి బెదరనక్కరలేదు.

బెదరవలసినవి వేరే ఉన్నవి. నల్లని ఉదరం మీద ఒకే ఒక వెడల్పాటి పసుపుపట్టీ ఉన్న పెద్ద కందిరీగ వెస్పా ట్రోపికా. ఎర్రని గోధుమరంగు మీద పసుపుపట్టీ ఉన్నది వెస్పా ఓరియెంటాలిస్. చెట్టు తొర్రలు, పాత గోడల సందులు, నేల బొరియలలో ఇవి గుంపుగా కాపురముంటవి. ఒక్కొక్కటి విడిగా ఇంటిలోకి వచ్చినప్పుడు ఒంటరి కందిరీగ వలెనే ఉంటుంది; మట్టి మోయకపోవడం, అన్నీ ఒకే రంధ్రం వైపు పోవడం ఆనవాళ్ళు. వీటి తుట్టెను పిల్లలు రాళ్ళతో కొట్టడం, పెద్దలు కాగడాతో కాల్చబోవడం రెండూ ప్రమాదమే. ఎక్కువ పోట్లు పడినవారికి కండరాలు దెబ్బతిని, మూత్రపిండాలు పనిచేయక పోవచ్చు. పైకి కులాసాగా ఉన్నా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఒక్క పోటుకే ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పుతున్నా అది విషం పడని శరీరతత్వం. అప్పుడు నాటుమందులతో కాలయాపన చేయక వెంటనే అడ్రినలిన్ సూదిమందు ఇప్పించాలి. మామూలు పోటుకు సబ్బునీళ్ళతో కడిగి, చల్లని గుడ్డ వేస్తే చాలు.

గోడ మీది మట్టి గూడు విషయంలో ఈ హడావుడి లేదు. గూడు తీయదలచినవారు పగటి పూటనే, గరిటె కాడతో గీకి తీయవచ్చు. దానిని కాపాడడానికి ఎవరూ రారు. పాఠశాలలో దానినే పాఠంగా మార్చవచ్చు. మూతపడిన గూడును పగలకుండా తీసి, వెడల్పు మూతి సీసాలో పెట్టి, పలుచని గుడ్డ వాసెన కట్టి, తీసిన తేది వ్రాసి నీడలో ఉంచాలి. మరొక గూటిని జాగ్రత్తగా తెరచి, ఏ గదిలో గుడ్డున్నదో, ఏ గదిలో డింభకమున్నదో, వేట ఎన్ని ఉన్నవో విద్యార్థులచేత బొమ్మ గీయించవచ్చు. భ్రమరకీటన్యాయంలో కంటికి అందక మిగిలిన సగం ఆ బొమ్మలో ఉంటుంది. వ్రేలు దూరని సన్నని వెదురు ముక్కలు, ఒక ప్రక్క కణుపు ఉన్నవి, పది కలిపి కట్టి వాన తగలని చూరు క్రింద వేలాడదీస్తే, రింఖియమ్ వంటివి తామే వచ్చి చేరతవి. వెదురు నిలువునా చీల్చి చూచినప్పుడు గదులన్నీ మట్టి అడ్డుగోడలతో వరుసగా ఉంటవి. గుడ్డు ఫలించేటట్లు పెడితే ఆడది, ఫలించకుండా పెడితే మగది పుడుతుంది. ఆ ఎంపిక తల్లిది. సాధారణంగా తల్లి లోపలి గదులలో ఆడ గుడ్లను, ద్వారానికి దగ్గరి గదులలో మగ గుడ్లను పెడుతుంది. మగవి త్వరగా ఎదిగి ముందు బయటకు వచ్చి, వెనుక వచ్చే ఆడవాటి కోసం వెదురు మొగను విడువక తిరుగుతుంటవి.